స్ప్రే డ్రోన్ పక్కన కెమెరా డ్రోన్ ఎగరెయ్యాలంటే ముందు చూసుకోవాల్సినవి

బ్రదర్, మీ ప్రశ్న చదివాను. అక్కగారు నమో డ్రోన్ దీదీ (మహిళా సంఘాలకి స్ప్రే డ్రోన్లు ఇచ్చే కేంద్ర పథకం) కింద ట్రైనింగ్ అయ్యి 10 లీటర్ల ట్యాంకున్న స్ప్రే డ్రోన్ నడుపుతున్నారు, మీ దగ్గరేమో ఒక మినీ డ్రోన్ ఉంది, వరి చేలో ఆవిడ మందు కొడుతుంటే వెనకాలే వెళ్తూ దగ్గర నుంచి వీడియో తియ్యాలనుకుంటున్నారు, ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు, కుదిరితే ఫాలో మోడ్ (చూపించినదాన్ని డ్రోన్ దానంతట అదే వెంబడించే మోడ్) పెట్టేసి ఒక్కళ్ళే మేనేజ్ చెయ్యొచ్చా అని అడిగారు. నేను ఈ స్ప్రే డ్రోన్ల వీడియోలు తీసే పనిలోనే ఉన్నా కాబట్టి కాస్త వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆ డ్రోన్ కింద పడితే పోయేది మీ వీడియో కాదు, సంఘం మొత్తానికి జీవనాధారం.

ముందు ఒక్కటి చెప్పేస్తా. రెండు డ్రోన్లు ఢీకొనేది పైలట్ రిమోట్ మీది స్టిక్ తప్పు తిప్పినప్పుడే అని అందరూ అనుకుంటారు గానీ నేను చూసినంతవరకు ప్రమాదమంతా వేరే చోట ఉంది. ఎవరూ స్టిక్ ముట్టుకోకుండా డ్రోన్ దానంతట అదే కదులుతుందే, అక్కడ. ట్యాంకు అయిపోతే, బ్యాటరీ తగ్గితే, సిగ్నల్ పోతే, లైను చివర మలుపు వస్తే, ఈ నాలుగు సందర్భాల్లో స్ప్రే డ్రోన్ ఏం చేస్తుందో మీకు ముందే తెలియకపోతే 10 మీటర్లు కాదు 20 మీటర్లు కూడా దగ్గరే.

మిర్యాలగూడ వైపు ఒక డెమోలో నా కళ్ళ ముందే జరిగింది, ఏ కంపెనీదో చెప్పను. స్ప్రే డ్రోన్ చేను మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో బుద్ధిగా లైను కొడుతోంది, కెమెరా అబ్బాయి తన డ్రోన్‌ని సరిగ్గా దాని నెత్తి మీద 8 మీటర్లలో పెట్టి కిందికి చూస్తూ తీస్తున్నాడు, షాట్ బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు నాజిల్ దగ్గర తుంపర పల్చబడింది, పోయి పోయి రెండు చుక్కలు రాలి ఆగిపోయింది, డ్రోన్ ఒక్క క్షణం అక్కడే నిలబడింది, తర్వాత నేరుగా పైకి లేచింది. ట్యాంకు ఖాళీ అయితే రిటర్న్ టు హోమ్ (లేచిన చోటికి దానంతట అదే తిరిగి రావడం) అని ఆ డ్రోన్‌లో సెట్ చేసి ఉంది, హోమ్‌కి వచ్చే ఎత్తు 20 మీటర్లు. స్ప్రే పైలట్‌కి అది మామూలే, రోజూ చూసేదే. కెమెరా అబ్బాయికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చివరి నిమిషంలో స్ప్రే పైలట్ పాజ్ కొట్టబట్టి రెండూ మిగిలాయి గానీ మధ్యలో గ్యాప్ ఒక మనిషి ఎత్తు కూడా లేదు.

అందుకని మీరు చెయ్యాల్సిన మొదటి పని డ్రోన్ ఎగరెయ్యడం కాదు, ఇద్దరూ గట్టు మీద కూర్చుని రెండు రిమోట్లలో సెట్టింగులు పక్కపక్కన పెట్టి చదవడం. అక్కగారి దాంట్లో ట్యాంకు ఖాళీ అయితే ఏం చేస్తుంది, అక్కడే నిలబడుతుందా ఇంటికి వస్తుందా. బ్యాటరీ ఎంతకి తగ్గితే వార్నింగు, ఎంతకి వెనక్కి వస్తుంది. సిగ్నల్ పోతే ఏం చేస్తుంది. వచ్చేటప్పుడు ఏ ఎత్తుకి ఎక్కుతుంది. షూటింగు రోజు మటుకు ట్యాంకు ఖాళీ అయితే అక్కడే హోవర్ అయ్యేలా, అంటే గాల్లో నిలబడేలా పెట్టుకోండి, ఆ ఆప్షన్ మీ మోడల్‌లో ఉంటే. లేకపోతే ట్యాంకు అయిపోయేలోపే అక్కగారు మిషన్ (ముందే సెట్ చేసిన స్ప్రే రూటు) ఆపేస్తారు, అంతే, పూర్తిగా అయ్యేదాకా ఆగొద్దు.

రిటర్న్ టు హోమ్ ఎత్తులు రెండూ వేరు వేరుగా ఉండాలి. చుట్టుపక్కల చెట్లు, కరెంటు తీగల్ని బట్టి స్ప్రే డ్రోన్‌కి 15 నుంచి 20 మీటర్లు, మీ మినీకి 40 మీటర్లు, ఇలా పెట్టుకుంటే ఒకేసారి రెండూ వెనక్కి బయల్దేరినా దారిలో కలవవు. అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. ఏ డ్రోన్ చూపించే ఎత్తు అయినా అది టేకాఫ్ అయిన చోటు నుంచి లెక్క, సముద్ర మట్టం నుంచీ కాదు, కింద ఉన్న చేను నుంచీ కాదు (స్ప్రే డ్రోన్‌కి కింద రాడార్ ఉంటే అది పంట మీద నుంచి కొలుస్తుంది, అది వేరే లెక్క). మీరు కాలవ కట్ట మీద నుంచి లేపి, ఆవిడ కింద కల్లం దగ్గర నుంచి లేపితే, కట్ట నాలుగు మీటర్ల ఎత్తుంటే, మీ రిమోట్‌లో 15 అని ఉన్నది ఆవిడ లెక్కలో 19 అవుతుంది. రెండు నంబర్లు పోల్చి చూసి గ్యాప్ ఉందిలే అనుకోవడం అందుకే డేంజర్. ఇద్దరూ ఒకే మట్టం నుంచి లేపండి, హోమ్ పాయింట్లు మాత్రం ఒకదానికొకటి కనీసం 15 మీటర్ల ఎడంగా పెట్టుకోండి, అది కూడా ఎలాగంటే స్ప్రే డ్రోన్ పొలం నుంచి తన హోమ్‌కి నేరుగా గీత గీస్తే ఆ గీత మీదకి మీరు ఎప్పటికీ వెళ్ళకూడదు. నేనైతే ఆ దారిని కెమెరాకి నిషేధం అనే లెక్కేసుకుని పొలానికి అవతలి వైపు నుంచే తీస్తా.

ఇక ఎంత దగ్గర అన్నది. స్ప్రే డ్రోన్ కింద, వెనక, పక్కన గాలి ఎలా ఉంటుందో ఒకసారి గట్టు మీద నిలబడి చూడండి, వరి పైరు అలలు అలలుగా పడుకుంటుంది. నిండు ట్యాంకుతో 24 కేజీలు అనుకుందాం, 22 అంగుళాల ప్రొపెల్లర్లు ఆరు, లెక్క వేస్తే ప్రొపెల్లర్ల దగ్గరే గాలి సెకనుకి 8 మీటర్ల పైన కిందికి దిగుతుంది, కాస్త కిందికి వచ్చేసరికి ఇంకా వేగం పుంజుకుంటుంది. డీజేఐ కంపెనీ మినీ 3 లాంటి చిన్న డ్రోన్ తట్టుకునే గాలి సెకనుకి 10.7 మీటర్లు అని కంపెనీ వాళ్ళే ఇస్తారు, అది కూడా ఒకే దిక్కు నుంచి నిలకడగా వీచే గాలికి, ఇలా సుడులు తిరిగే గాలికి కాదు. ఆ గాలి నేలకి కొట్టుకుని పక్కలకి పాకుతుంది కాబట్టి కింద కాకపోయినా పక్కన, పైరు ఎత్తులో, నాలుగైదు మీటర్లలో ఉన్నా మీ డ్రోన్ ఊగిపోతుంది. పైగా నీళ్ళు పెట్టిన మడి మీద, కదిలే పైరు మీద మినీ కింద ఉండే కెమెరా సెన్సార్లు తికమకపడతాయి, ఎత్తు తప్పు చదవడం, నెమ్మదిగా పక్కకి జారిపోవడం జరుగుతుంది. దీనికి తోడు జీపీఎస్ మీద నిలబడ్డ డ్రోన్ కూడా మీటరు, మీటరున్నర అటూ ఇటూ కదలడం మామూలే, రెండు డ్రోన్లు కాబట్టి ఆ తేడా కూడా డబుల్.

ఇవన్నీ కలిపి నా రూలు ఇది: స్ప్రే డ్రోన్‌కి పక్క నుంచి 15 మీటర్ల లోపలికి వెళ్ళను, మొదటిసారి కలిసి ఎగరేసేవాళ్ళయితే 30 మీటర్ల దగ్గర మొదలుపెట్టమంటా, దాని కిందికి ఏ ఎత్తులోనూ వెళ్ళను, నేరుగా పైకీ వెళ్ళను.

15 మీటర్లయితే చిన్నగా కనిపిస్తుంది కదా అంటారు. ఇక్కడే అసలు కిటుకు ఉంది, దగ్గరగా కనిపించాలంటే దగ్గరికి వెళ్ళక్కర్లేదు, లెన్సు మార్చితే చాలు. మామూలు 24 ఎంఎం లెన్సుతో 10 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేము వెడల్పు దాదాపు 15 మీటర్లు వస్తుంది, అదే 70 ఎంఎం లెన్సుతో 30 మీటర్ల నుంచి తీసినా అంతే వెడల్పు, అంటే స్ప్రే డ్రోన్ సైజు స్క్రీన్ మీద ఒకటే. ఇంకా మంచి సంగతి ఏంటంటే ఇలాంటి టెలీ లెన్సులో వెనకున్న తాటిచెట్లు, కొబ్బరిచెట్లు దగ్గరికి లాక్కొచ్చినట్టు పెద్దగా వస్తాయి, వేగం కూడా ఎక్కువగా అనిపిస్తుంది, అందుకే వీడియో ఖరీదుగా కనిపిస్తుంది. ఎయిర్ 3, మావిక్ 3 ప్రో లాంటి డ్రోన్లలో 70 ఎంఎం కెమెరా విడిగా ఉంటుంది, ఒక రోజుకి అద్దెకి దొరుకుతుంటే తెచ్చుకోండి. మినీతోనే తియ్యాలంటే 4కేలో తీసి ఎడిటింగులో ఫుల్ హెచ్‌డీకి క్రాప్ చేసుకోండి, రెండింతలు దగ్గరికి వచ్చినట్టే, ఫోన్లో చూసేవాళ్ళకి తేడా తెలీదు.

ఒక్కళ్ళే రెండూ నడపొచ్చా అంటే వద్దు. స్ప్రే డ్రోన్ ఆటోలో వెళ్తోంది కదా, రిమోట్ మెడలో వేసుకుని కెమెరా నడుపుతా అనేవాళ్ళని చూశాను, పాజ్ కొట్టాల్సిన క్షణంలో చెయ్యి ఖాళీ ఉండదు. ఇద్దరు పైలట్లు, ఇంకో మనిషి కేవలం ఆకాశంలోకి చూడటానికి. ఈ మూడో మనిషి చాలా ముఖ్యం, ఎందుకంటే మీరు స్క్రీన్ చూస్తారు, అక్కగారు తన మ్యాప్ చూస్తారు, రెండు డ్రోన్ల మధ్య గ్యాప్ ఎవరూ చూడరు. ఆ మనిషి మీ పక్కన నిలబడితే కూడా లాభం లేదు. 100 మీటర్ల దూరంలో ఉన్న రెండు డ్రోన్లలో ఏది ముందుందో ఏది వెనకుందో మన కంటికి తెలీదు, రెండూ అతుక్కున్నట్టే కనిపిస్తాయి. అందుకే పొలం పక్క గట్టుకి వెళ్ళి, మీరు చూసే దిక్కుకి అడ్డంగా చూసేలా నిలబెట్టండి, అక్కడి నుంచి గ్యాప్ స్పష్టంగా తెలుస్తుంది. స్ప్రే డ్రోన్ మోత మామూలుగా ఉండదు, కేకలు వినపడవు, కాబట్టి చెయ్యి సైగలు ముందే అనుకోండి, రెండు చేతులూ పైకెత్తితే ఇద్దరూ ఆపెయ్యాలి అన్నట్టుగా.

ఎవరు తప్పుకోవాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. స్ప్రే డ్రోన్ తన లైనులో తను వెళ్తుంది, మీ డ్రోన్‌ని చూసి అక్కగారు పక్కకి తిప్పకూడదు, తప్పుకునే బాధ్యత పూర్తిగా కెమెరాది. ఇద్దరూ తప్పుకోబోతే ఒకే వైపు వస్తారు. మీరు తప్పుకునేది కూడా పైకి కాదు, పక్కకి, పొలం బయటికి, ఆ దిక్కు టేకాఫ్‌కి ముందే ఎంచుకుని అక్కడ బోరు మోటారు లైను, స్తంభాల స్టే వైర్లు, చెట్ల కొమ్మలు లేవని నడిచి చూసుకోండి. మీ మినీకి వెనక సెన్సార్లు లేకపోతే వెనక్కి రావడం గుడ్డిగా రావడమే. మినీ 3కి కింద తప్ప సెన్సార్లే లేవు. సెన్సార్లున్న డ్రోన్ అయినా ఎదురుగా వేగంగా వచ్చే ఇంకో డ్రోన్‌ని సమయానికి పట్టుకుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, సన్నటి వైర్లని అసలు పట్టుకోదు, స్పోర్ట్ మోడ్‌లో అయితే ఆ సెన్సింగే ఆగిపోతుంది. ఇంకోటి, స్ప్రే డ్రోన్‌కి ముందు రాడార్ ఉంటే మీరు దాని ముందుకి వెళ్ళగానే అడ్డు వచ్చిందనుకుని అది బ్రేక్ వేసి ఆగిపోవచ్చు, దాంతో మీ దూరం లెక్కంతా తారుమారు.

ఫాలో మోడ్ సంగతి. అది మనుషులకి, బండ్లకి, పడవలకి చేసిన ఫీచరు. ఇంకో డ్రోన్ మీద బాక్సు గీస్తే ఒక్కోసారి పట్టుకుంటుంది, కాసేపు బాగానే వెళ్తుంది, అదే ప్రమాదం, నమ్మకం కుదిరాక పచ్చటి పైరులో టార్గెట్ పోగొట్టుకుని గట్టు మీద మనిషిని పట్టుకుంటుంది, లేదా దూరం లెక్క తప్పి లోపలికి వస్తుంది. చేత్తోనే నడపండి, సినీ మోడ్‌లో (డ్రోన్ నెమ్మదిగా, నునుపుగా కదిలే మోడ్) పెట్టి. స్ప్రే డ్రోన్ మామూలుగా సెకనుకి నాలుగైదు మీటర్లు వెళ్తుంది, షూటింగు వరకు మూడుకి తగ్గించమనండి, వీడియోలో ఎవరికీ తెలీదు, మీకు మాత్రం చాలా తేలికవుతుంది. ఎదురెదురుగా వచ్చే షాట్ తియ్యాలనిపిస్తే ఒక్కసారి లెక్క వేసుకోండి, అది 5, మీరు 5, కలిపి సెకనుకి 10 మీటర్లు, 20 మీటర్ల గ్యాప్ రెండు సెకన్లలో అయిపోతుంది, స్క్రీన్‌కి బొమ్మ రావడంలో ఆలస్యం, మీ వేలు కదలడంలో ఆలస్యం అందులోనే పోతాయి. మీ డ్రోన్ కదలకుండా లైను పక్కన నిలబెట్టి స్ప్రే డ్రోన్‌నే రానివ్వండి, దాదాపు అదే ఫీల్ వస్తుంది.

నిజానికి నేను తీసే వీడియోల్లో సగానికి పైగా షాట్లు కెమెరా కదలనివే. కెమెరా గాల్లో నిలబడి ఉంటుంది, స్ప్రే డ్రోన్ ఫ్రేములోకి వచ్చి వెళ్తుంది. తర్వాత సమాంతరంగా పక్కనే వెళ్ళే షాట్, కానీ లైను చివర మలుపుకి 20 మీటర్ల ముందే మీరు ఆగిపోవాలి, ఎందుకంటే మలుపులో అది మీ వైపు తిరుగుతుందా అవతలికా అన్నది మిషన్ ప్లాన్‌లో ఉంటుంది, మీ ఊహలో కాదు. పైగా ప్రతి లైనుకీ అది నాలుగైదు మీటర్లు పక్కకి జరుగుతూ ఉంటుంది, మీ వైపు జరిగే ప్లాన్ అయితే మీరు కదలకపోయినా మూడు లైన్లలో 12 నుంచి 15 మీటర్లు కరిగిపోతాయి. మీ నుంచి దూరం జరిగేలా ప్లాన్ చెయ్యమని అక్కగారికి చెప్పండి, చాలా గొడవ తప్పుతుంది.

పై నుంచి నిలువుగా తీసే షాట్ అందరికీ కావాలి, పచ్చటి మడి మధ్యలో తెల్లటి తుంపర. అది తియ్యాలంటే 50 మీటర్ల పైకి వెళ్ళండి, స్ప్రే డ్రోన్ వెనక్కి వచ్చే ఎత్తు 20 కాబట్టి అది లేచినా మీ దాకా రాదు. అయినా సరిగ్గా నెత్తి మీద కాకుండా కాస్త పక్కన ఉండి గింబల్ (కెమెరాని పట్టి తిప్పే భాగం) వంచి తియ్యండి, బ్యాటరీ సగానికి పైన ఉన్నప్పుడే, ఎందుకంటే బ్యాటరీ మరీ అడుగంటితే మీ డ్రోన్ ఉన్న చోట నుంచే నేరుగా కిందికి దిగడం మొదలుపెడుతుంది.

మందు గురించి గట్టిగా చెప్తున్నా. షూటింగుకి ట్యాంకులో మంచినీళ్ళే పొయ్యండి, ట్యాంకు, పైపులు కడిగాకే. తుంపర ఎలాగైనా లెన్సు మీద, మీ మొహం మీద పడుతుంది. నిజంగా మందు కొట్టేటప్పుడే తియ్యాల్సి వస్తే గాలి మీ వెనక నుంచి పొలం వైపు వీచేలా నిలబడండి, మాస్కు, గ్లౌజులు వేసుకోండి, అయ్యాక డ్రోన్‌ని వట్టి చేతుల్తో పట్టుకోవద్దు, తడిబట్టతో తుడవండి.

టైము పొద్దున్నే, గాలి లేనప్పుడు. ఎండ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సూర్యుడికి ఎదురుగా తీస్తే తుంపర వెలుగుతుంది, మిట్టమధ్యాహ్నం తీస్తే అసలు కనిపించదు. వెనకాల ఆకాశం కాకుండా ముదురు రంగు చెట్లు వచ్చేలా చూసుకోండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒక వంతు, ఆ వెలుగుకి తగ్గ ఎన్‌డీ ఫిల్టరు (లెన్సులోకి వెలుగు తగ్గించే అద్దం), ఎండ పెరిగాక నేను 16 వేస్తా. షట్టర్ మరీ ఫాస్టుగా ఉంటే ప్రొపెల్లర్లు ఆగిపోయినట్టు, వంగిపోయినట్టు వస్తాయి, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. కొంగల గుంపు చేలో దిగి ఉంటే అవి లేచి వెళ్ళిపోయేదాకా టేకాఫ్ చెయ్యకండి, స్ప్రే డ్రోన్ రాగానే అవన్నీ లేచేది సరిగ్గా మీ కెమెరా ఎత్తుకే.

రిమోట్లు రెండూ పక్కపక్కన పెట్టుకోవద్దు, నాలుగైదు మీటర్ల ఎడం ఉండనివ్వండి, చాలా వాటిలో రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే మాట్లాడుకుంటాయి. ముందు స్ప్రే డ్రోన్ లేపి హోవర్‌లో చూసి, తర్వాత మీది ఆన్ చేసి అక్కగారి సిగ్నల్ బార్లు తగ్గాయేమో అడగండి. కంపాస్ కాలిబ్రేషన్ (డ్రోన్ దిక్సూచిని సరిచెయ్యడం) ట్రాక్టరు పక్కన, ఆటో పక్కన చెయ్యకండి.

రూల్స్ సంగతి కొంచెం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ మినీ 3కి పెద్ద బ్యాటరీ వేస్తే 290 గ్రాములు అయ్యి మైక్రోలోకి వెళ్ళిపోతుంది, డబ్బులు తీసుకుని తీస్తే మైక్రోకి సర్టిఫికెట్ కావాలి, అది చూసుకోండి. స్ప్రే డ్రోన్ స్మాల్ క్లాసు, దానికి అక్కగారి సర్టిఫికెట్, డ్రోన్ నంబరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఇంకో డ్రోన్‌తో షూటింగు చేస్తుంటే జరిగిన నష్టం పాలసీలో వస్తుందో లేదో ముందే ఫోన్ చేసి అడిగి ఉంచుకోండి. ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాపులో పొలం గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూడండి, గ్రీన్‌లో 400 అడుగుల వరకే. దుండిగల్, హకీంపేట లాంటి ఎయిర్‌ఫోర్స్ స్థావరాల చుట్టుపక్కల ఊళ్ళయితే చూడకుండా బ్యాటరీ కూడా పెట్టకండి. యాక్సిడెంట్ అయితే 48 గంటల్లోపు విమానయాన డైరెక్టర్ జనరల్‌కి (డీజీసీఏ) రిపోర్టు చెయ్యాలి.

చివరిగా సౌండు. మినీ ఆడియో రికార్డు చెయ్యదు, వీడియో మూగగా వస్తుంది. అక్కగారు స్ప్రే డ్రోన్ ఒక్కదాన్నే ఎగరేస్తున్నప్పుడు గట్టు మీద సురక్షితమైన దూరంలో నిలబడి ఫోన్లో ఆ మోత, పంపు ఆన్ అయ్యే చప్పుడు, దగ్గరికి వచ్చి వెళ్ళిపోయే శబ్దం విడిగా రికార్డు చేసుకోండి, ఎడిటింగులో కింద వేస్తే దూరం నుంచి తీసిన షాట్ కూడా పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. మీ రెండు డ్రోన్ల మోడల్స్ ఏవో, పొలం చుట్టూ తీగలు ఎటు ఉన్నాయో రాస్తే హోమ్ పాయింట్లు ఎక్కడ పెట్టాలో ఇంకా కచ్చితంగా చెప్తాను.